నిలిపిన కారు జరుగుతోందా? హ్యాండ్‌బ్రేక్‌ను చక్రం దగ్గర నుంచి సరిచేసే పద్ధతి

కారును వాలు మీద ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగి, పెడల్ మీద నుంచి కాలు తీయగానే బండి జానెడు దూరం జరిగి ఆగితే, చాలామంది లివర్‌ను మరో రెండు పళ్లు పైకి లాగి దిగిపోతారు. కొన్నాళ్లకు ఆ రెండు పళ్లు కూడా చాలవు. అప్పుడు లివర్ చుట్టూ ఉన్న మూత తీసి, అక్కడ చేతికి అందే నట్టును బిగిస్తారు. లివర్ మళ్లీ గట్టిగా అనిపిస్తుంది, పని అయిపోయిందనుకుంటారు. నిజానికి చాలా కార్లలో వదులు పుట్టేది లివర్ దగ్గర కాదు, వెనుక చక్రాల లోపల. అక్కడి వదులును అలాగే వదిలేసి కేబుల్‌ను మాత్రం బిగిస్తే, చక్రంలో తనంతట తాను సర్దుకోవలసిన ఏర్పాటు పనిచేయడం మానేస్తుంది, పట్టు కొద్ది రోజుల్లోనే మళ్లీ తగ్గుతుంది. నా కారుకు ఇలా వరుసగా రెండుసార్లు నట్టు బిగించిన తరువాత గానీ వెనుక చక్రంలోని డ్రమ్ము (చక్రంతో పాటు తిరిగే బ్రేకు గిన్నె) విప్పి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. అందువల్ల ఇక్కడ చెప్పే పనుల క్రమాన్ని దయచేసి మార్చకండి: ముందు చక్రం, ఆ తరువాత కేబుల్, చిట్టచివర లివర్ నట్టు.

మరమ్మతు పూర్తయ్యేదాకా కారును వీలైనంతవరకు సమతలంగా ఉన్న చోటే నిలపండి. వాలు మీద నిలపక తప్పకపోతే, మాన్యువల్ గేర్ల కారును ఎగువకు ముఖం పెట్టినప్పుడు మొదటి గేరులో, దిగువకు ముఖం పెట్టినప్పుడు రివర్స్ గేరులో ఉంచి, చక్రానికి దిగువ వైపున గట్టి చెక్క దిమ్మె గానీ, అందుకోసమే తయారైన అడ్డు గానీ పెట్టండి. గుండ్రటి రాయి చక్రంతో పాటు దొర్లిపోగలదు కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు. రోడ్డు అంచున గట్టు ఉంటే, దిగువకు ముఖం ఉన్నప్పుడు ముందు చక్రాలను గట్టు వైపుకు, ఎగువకు ముఖం ఉన్నప్పుడు గట్టుకు ఎదురు వైపుకు తిప్పి ఉంచండి. అలా చేస్తే కారు కదిలినా చక్రం గట్టుకు ఆనుకుని ఆగుతుంది. ఎగువకు ముఖం ఉండి గట్టు లేకపోతే మాత్రం చక్రాలను రోడ్డు అంచు వైపుకే తిప్పాలి.

ఏది పట్టు తప్పుతోందో తేల్చుకోండి

నిలిపిన కారును ఆపి ఉంచేవి సాధారణంగా రెండు: ఒకటి హ్యాండ్‌బ్రేక్, రెండవది గేరు లేదా ఆటోమేటిక్ కారులోని పీ (పార్కింగ్) స్థానం. రెండింటినీ కలిపి వాడుతూ ఉంటే ఏది చెడిందో తెలియదు కనుక విడివిడిగా పరీక్షించాలి. కింద చాలా దూరం వరకు మనుషులు గానీ వాహనాలు గానీ లేని కొద్దిపాటి వాలును ఎంచుకుని, కాలు పెడల్ మీద సిద్ధంగా ఉంచి, మొదట న్యూట్రల్‌లో హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే లాగి పెడల్‌ను మెల్లగా వదలండి. కారు కదిలితే లోపం హ్యాండ్‌బ్రేక్‌లో ఉన్నట్టే. ఆ తరువాత హ్యాండ్‌బ్రేక్ దించి, ఇంజిన్ ఆపి, గేరులో లేదా పీలో ఉంచి అదే విధంగా చూడండి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు పెడల్ గట్టిపడి ఎక్కువ బలం అడుగుతుంది కాబట్టి కాలిని గట్టిగానే సిద్ధం చేసుకోండి. ఈ పరీక్ష జరుగుతున్నంతసేపు కారు ముందు గానీ వెనుక గానీ ఎవరినీ నిలబడనివ్వకండి.

మాన్యువల్ కారు గేరులో ఉన్నప్పుడు దాన్ని పట్టి ఉంచేది సిలిండర్లలో చిక్కుకున్న గాలి ఒత్తిడి. ఆ గాలి పిస్టన్ రింగుల పక్క నుంచి మెల్లగా జారిపోతుంది. అందుకే బాగా వాలుగా ఉన్న చోట కారు కొంచెం జరిగి ఆగి, కాసేపటికి మళ్లీ కొంచెం జరుగుతుంది. అది గేర్‌బాక్స్ లోపం కాదు, గేరు హ్యాండ్‌బ్రేక్‌కు తోడే గానీ బదులు కాదన్న సూచన. ఆటోమేటిక్ కారులో పీ పెట్టగానే గేర్‌బాక్స్ లోపల ఒక చిన్న కొక్కెం పళ్ల చక్రంలోకి దిగుతుంది. అది పన్ను సందులో పడేలోగా కారు కొద్ది అంగుళాలు కదలడం సహజమే. అయితే హ్యాండ్‌బ్రేక్ ముందుగా లాగి ఉన్నా కూడా కారు ఆ కాస్త దూరం కదిలి ఆగిందంటే, బరువునంతా ఆ చిన్న కొక్కెమే మోస్తోందని, హ్యాండ్‌బ్రేక్ ఏ పనీ చేయడం లేదని అర్థం.

పీలో పెట్టినా కారు కటకటమనే శబ్దంతో దొర్లితే, లేదా సూచిక పీ చూపిస్తున్నా కారు స్వేచ్ఛగా కదిలితే, అక్కడితో ఆపి చక్రాలకు అడ్డు పెట్టి మెకానిక్‌ను పిలవండి. గేరు లివర్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే షిఫ్ట్ కేబుల్ చివర ఉండే ప్లాస్టిక్ బుష్ (చిన్న తొడుగు) అరిగిపోయినప్పుడు ఆ లివర్ పీలోకి వచ్చినట్టు కనిపించినా గేర్‌బాక్స్ పీలోకి రాకపోవచ్చు. ఇది ఇంటి దగ్గర సర్దుకునే పని కాదు.

హ్యాండ్‌బ్రేక్ మోయవలసిన బరువు ఎంత?

ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో కార్ల బ్రేకులకు వర్తించే 13-హెచ్ నిబంధన ప్రకారం, నిండు బరువుతో ఉన్న కారును పార్కింగ్ బ్రేక్, అంటే హ్యాండ్‌బ్రేక్, ఒక్కటే 20 శాతం వాలు మీద ఎగువకూ దిగువకూ ఆపి ఉంచగలగాలి, అందుకు చేతితో లాగే బలం 400 న్యూటన్లు, అంటే సుమారు 40 కిలోల బరువుకు సమానమైన లాగుడు, మించకూడదు. 20 శాతం అంటే నూరు అడుగులు ముందుకు సాగితే ఇరవై అడుగుల ఎత్తు పెరిగే వాలు. అటువంటి చోట 1,500 కిలోల కారు దాదాపు 294 కిలోల బలంతో కిందికి జారాలని చూస్తుంది. 5 శాతం వాలు మీద ఆ బలం సుమారు 75 కిలోలే. ఇంటి ముందు చిన్న వాలులో ఆగుతోంది కదా అన్న ధీమా ఎంత పొరపాటో ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. మరొక మాట: డాష్‌బోర్డు మీద వెలిగే ఎర్రటి బ్రేక్ దీపం చాలా కార్లలో లివర్ పైకి లేచిందని మాత్రమే చెబుతుంది, చక్రం పట్టుబడిందని చెప్పదు.

కాలి బ్రేకు బాగా పడుతోంది కాబట్టి హ్యాండ్‌బ్రేక్ కూడా బాగానే ఉంటుందని అనుకోవద్దు. కాలి బ్రేకు బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో నడుస్తుంది, లివర్ హ్యాండ్‌బ్రేక్ ఉక్కు కేబుల్‌తో నడుస్తుంది. రెండింటికీ సంబంధం కలిసేది డ్రమ్మును లోపలి నుంచి ఒత్తే షూల దగ్గర లేదా డిస్కును (చక్రంతో తిరిగే పళ్లెం) రెండు వైపులా నొక్కే ప్యాడ్ల దగ్గరే, అదీ అన్ని కార్లలో కాదు.

జాకీ ఎత్తకముందే తెలిసేవి

లివర్‌ను మామూలు బలంతో లాగి, ఎన్ని టిక్కులు వినిపించాయో లెక్కపెట్టి రాసుకోండి. సరైన సంఖ్య మీ కారు పుస్తకంలో ఉంటుంది. చాలా కార్లలో అది 4 నుంచి 8 మధ్య ఉంటుంది. లివర్ దాదాపు నిటారుగా లేస్తూ ఉంటే వదులు ఎక్కువైనట్టు. అలా కాక సరైన సంఖ్య దగ్గరే గట్టిపడి కూడా కారు జారుతూ ఉంటే, సమస్య వదులు కాదు: లైనర్ల (షూల మీద ఉండే రాపిడి పొర) మీద ఆయిల్ పడి ఉండవచ్చు, అవి నునుపెక్కి ఉండవచ్చు, లేదా కేబుల్ తొడుగులోనే బిగుసుకుపోయి మీ చేతి బలం చక్రం దాకా చేరకపోవచ్చు.

వెనుక డ్రమ్ములున్న కార్లకు నేను బాగా నమ్మే పరీక్ష ఒకటి ఉంది. సమతలం మీద, హ్యాండ్‌బ్రేక్ దించి ఉంచి, ఇంజిన్ నడుస్తుండగా పెడల్ తొక్కి అది ఎంత లోతుకు దిగుతుందో గమనించండి. తరువాత హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా లాగి మళ్లీ తొక్కండి. ఈసారి పెడల్ స్పష్టంగా పైనే ఆగితే, డ్రమ్ముకూ షూలకూ మధ్య ఎడం పెరిగిందని, సర్దుబాటు చక్రం లోపల చేయాలని తేలిపోతుంది. రెండుసార్లూ పెడల్ ఒకే ఎత్తులో ఉండి లివర్ మాత్రం పైకి లేస్తూ ఉంటే, అనుమానం కేబుల్ వైపుకు మళ్లించండి.

లివర్ లేచి ఆగినట్టే ఆగి తనంతట తాను కిందికి పడిపోతే, దాని అడుగున ఉన్న పళ్లు లేదా వాటిని పట్టుకునే కొక్కెం అరిగిపోయినట్టు. అప్పుడు లివర్ మొత్తాన్ని మార్చడమే సరైన పని.

చక్రం లేపడం

కారును గట్టి సమతల నేల మీద పెట్టి, ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు దిమ్మెలు పెట్టండి. వెనుక భాగాన్ని జాకీతో లేపాక, పుస్తకంలో చూపిన చోట్ల స్టాండ్ల మీద దించండి. జాకీ ఒక్కదాని మీద ఉన్న కారు కిందికి చేయి కూడా పెట్టవద్దు. ఇప్పుడు హ్యాండ్‌బ్రేక్ దించక తప్పదు గనుక ముందు దిమ్మెలే మీకు ప్రధాన రక్ష. ఇంజిన్ ముందు చక్రాలను నడిపే కారైతే గేరులో లేదా పీలో ఉంచవచ్చు, అది అదనపు పట్టు. వెనుక చక్రాలను నడిపే కారులో చక్రం తిరగాలంటే న్యూట్రల్‌లో ఉంచాలి, కాబట్టి దిమ్మెల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఇక్కడే ఒక ప్రమాదం దాగి ఉంది: నడిపే రెండు చక్రాల్లో ఒక్కదాన్ని మాత్రమే నేల నుంచి లేపితే, డిఫరెన్షియల్ (రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) వల్ల లేచిన చక్రం తేలికగా తిరిగిపోతుంది, గేరు గానీ పీ గానీ కారును ఆపలేవు. పీలోనే ఉంది కదా అనే నమ్మకంతో చక్రం విప్పడం మొదలుపెట్టవద్దు.

చక్రాలు గాలిలో ఉండగా, ఒకరు లివర్‌ను ఒక్కొక్క టిక్కు చొప్పున లాగుతూ ఉంటే మరొకరు చక్రాన్ని చేత్తో తిప్పాలి. మొదటి రెండు మూడు టిక్కులకే రాపిడి మొదలై, పుస్తకంలోని సంఖ్య వచ్చేసరికి చేత్తో తిప్పలేనంత గట్టిపడాలి, అదీ రెండు వైపులా ఇంచుమించు ఒకేసారి. ఒక చక్రం బిగుసుకుని మరొకటి తిరుగుతూ ఉంటే, కారు వాలు మీద సగం పట్టుతోనే నిలబడుతోందన్నమాట.

డ్రమ్ము బ్రేకులు

డ్రమ్ము విప్పగానే కనిపించే నల్లటి పొడిని నోటితో గానీ గాలి గొట్టంతో గానీ ఊదవద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, లేకపోయినా ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముక్కుకు మాస్కు కట్టుకుని, బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవండి. షూల అమరికను విప్పే ముందు ఫోటో తీసుకోండి, ఒక వైపు పని పూర్తయ్యేదాకా రెండో వైపు ముట్టుకోకండి. స్ప్రింగులు ఎలా ఉండాలో చూసుకోవడానికి అదే మీకు నమూనా.

మొదట చూడవలసింది తడి. వీల్ సిలిండర్ (బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో షూలను తోసే భాగం) రబ్బరు అంచుల దగ్గర గానీ యాక్సిల్ సీల్ (ఇరుసు దగ్గర ఆయిల్ కారకుండా ఆపే రింగు) దగ్గర గానీ ఆయిల్ కారి లైనర్లలోకి ఇంకి ఉంటే, వాటిని కడిగి వాడటం వృథా. కారే చోటును బాగు చేసి, రెండు వైపులా షూలను కలిపే మార్చాలి. తరువాత లైనర్ల మందాన్ని, డ్రమ్ము వ్యాసాన్ని కొలవండి. అనుమతించిన గరిష్ఠ వ్యాసం సాధారణంగా డ్రమ్ము మీదే అచ్చువేసి ఉంటుంది. అది దాటితే షూలు ఎంత కొత్తవైనా పట్టు సరిగా రాదు.

ఇక అసలు విషయం. వెనుక షూకు ఒక చిన్న లివర్ ఉంటుంది, కేబుల్ లాగేది దాన్నే. హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించినప్పుడు ఆ లివర్ తన ఆనిక మీదకు పూర్తిగా వెనక్కి వచ్చి ఆగాలి. రాకపోతే ఎవరో కేబుల్‌ను అతిగా బిగించారన్నమాట, లేదా కేబుల్ తుప్పుతో పట్టేసిందన్నమాట. ఆ చిన్న లివర్ సగంలో ఆగి ఉన్నంతకాలం స్వయంగా సర్దుకునే ఏర్పాటుకు కదలడానికి చోటుండదు. లైనర్లు అరుగుతూనే ఉంటాయి, ఎడం పెరుగుతూనే ఉంటుంది. అందువల్ల చక్రం సర్దేముందు చేతి లివర్ దగ్గరి నట్టును వదులు చేసి, కేబుల్‌కు కావాలనే వదులు ఇవ్వండి.

ఇప్పుడు నక్షత్రం ఆకారంలో ఉండే స్టార్ అడ్జస్టర్ మరను శుభ్రం చేసి, తుప్పు ఉంటే తొలగించి, బ్రేకులకు వాడే గ్రీజును మరకు మాత్రం పలుచగా రాయండి. ఎడమ, కుడి వైపుల అడ్జస్టర్ల మరలు చాలా కార్లలో ఒకదానికొకటి ఎదురు దిశలో ఉంటాయి కాబట్టి ఒక వైపుది మరో వైపుకు మార్చవద్దు. డ్రమ్ము తొడిగాక, డ్రమ్ము వెనుక ఉన్న పలకలోని రబ్బరు మూత తీసి స్క్రూడ్రైవర్‌తో అడ్జస్టర్‌ను పన్ను తరువాత పన్ను తిప్పుతూ, డ్రమ్ము చేత్తో తిరగనంత బిగుతు వచ్చేదాకా వెళ్లండి. తరువాత రాపిడి కేవలం చెవికి వినిపించేంత తక్కువగా ఉండి డ్రమ్ము తేలిగ్గా తిరిగేవరకు వెనక్కి రండి. పెడల్‌ను నాలుగైదుసార్లు గట్టిగా తొక్కితే షూలు తమ చోట కుదురుకుంటాయి. అప్పుడు మళ్లీ తిప్పి చూసి, అవసరమైతే ఒకటి రెండు పళ్లు సవరించండి. రెండు చక్రాలూ ఒకేలా రావడానికి ఎంత సమయం పట్టినా ఇక్కడ వెచ్చించండి, మిగిలిన పనంతా దీని మీదే నిలబడి ఉంటుంది.

డిస్కు బ్రేకులు

వెనుక డిస్కులున్న కార్లు రెండు రకాలు. కొన్నింటిలో క్యాలిపర్‌కే (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) చిన్న చేయి ఉండి, కేబుల్ దాన్ని లాగినప్పుడు లోపలి మర పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. ఇక్కడా అదే సూత్రం: హ్యాండ్‌బ్రేక్ దించినప్పుడు ఆ చేయి దాని ఆనికకు తాకాలి. తాకకపోతే ముందు కేబుల్‌ను వదులు చేయండి. కేబుల్‌ను విప్పినా చేయి వెనక్కి రాకపోతే క్యాలిపర్ తుప్పుపట్టి బిగుసుకుంది, దాన్ని మార్చాలి లేదా బాగు చేయించాలి. ప్యాడ్లు మార్చేటప్పుడు ఈ రకం పిస్టన్‌ను బిగింపు పట్టుతో నేరుగా లోపలికి నొక్కవద్దు, అందుకు తగిన పనిముట్టుతో తిప్పుతూ లోపలికి పంపాలి. లేకుంటే లోపలి మర దెబ్బతింటుంది. పని అయ్యాక, హ్యాండ్‌బ్రేక్ ముట్టుకోకముందే పెడల్‌ను పలుమార్లు తొక్కి ప్యాడ్లను డిస్కు దగ్గరకు చేర్చండి.

మరికొన్ని కార్లలో డిస్కు నడుమ ఉండే టోపీ లాంటి భాగంలో చిన్న డ్రమ్ము, చిన్న షూలు ఉంటాయి. కారు ఆగి ఉన్నప్పుడే వాడతాం కాబట్టి ఇవి పెద్దగా అరగవు. తుప్పు పట్టి, లైనర్ ఊడి వచ్చి చెడిపోతాయి. సర్దుబాటు పైన చెప్పిన డ్రమ్ము పద్ధతిలోనే.

డిస్కుల విషయంలో ఒక్క హెచ్చరిక తప్పకుండా గుర్తుంచుకోండి. పొడవాటి దిగుడులో బ్రేకులు బాగా వాడి, అవి వేడిగా ఉండగానే కారు నిలిపితే, డిస్కులూ ప్యాడ్లూ చల్లారుతూ కుంచించుకుపోతాయి, బిగింపు సడలుతుంది. ఆపినప్పుడు కదలని కారు అరగంట తరువాత కదలడానికి ఇది ఒక నిజమైన కారణం. అటువంటప్పుడు గేరులో ఉంచి, చక్రాలు తిప్పి పెట్టి, కాసేపటికి వచ్చి లివర్‌ను మరోసారి లాగండి.

కేబుల్, ఆ తరువాతే నట్టు

రెండు చక్రాలూ సరిగ్గా కుదిరాక, ఒకరు లివర్‌ను లాగి వదులుతూ ఉంటే చక్రాల దగ్గర కేబుల్ లాగే చేతుల (చిన్న లివర్ల) కదలికను చూడండి. రెండూ సమానంగా కదిలి, వదలగానే చురుకుగా వెనక్కి రావాలి. ఒకటి బద్ధకంగా వస్తే ఆ వైపు కేబుల్ తొడుగు పగిలి లోపలికి నీరు చేరి తుప్పు పట్టింది. నూనె పోస్తే కొన్నాళ్లు కదులుతుంది గానీ మళ్లీ పట్టేస్తుంది. మార్చడమే మేలు, వయసు ఒకటే కాబట్టి రెండో వైపుది కూడా కలిపి మార్చుకోవడం మంచిది. రెండు కేబుళ్లకు బలాన్ని సమానంగా పంచే ఈక్వలైజర్ పలక వంకరగా నిలిచిపోయిందేమో కూడా చూడండి.

ఇప్పుడు లివర్ నట్టు. హ్యాండ్‌బ్రేక్‌ను నాలుగైదుసార్లు గట్టిగా లాగి వదిలి కేబుల్‌ను కుదురుకోనిచ్చి, నట్టును కొద్దికొద్దిగా బిగిస్తూ పుస్తకంలో చెప్పిన టిక్కుల సంఖ్యకు తీసుకురండి. లివర్ పూర్తిగా దించినప్పుడు రెండు చక్రాలూ ఒరుసుకోకుండా తిరగాలి, చక్రాల దగ్గరి చేతులు ఆనికల మీదే ఉండాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి తప్పినా ఎక్కువ బిగించారని అర్థం. లాక్‌నట్ (మొదటి నట్టు వదులు కాకుండా ఆపే రెండో నట్టు) ఉంటే బిగించడం మరచిపోవద్దు.

మీటతో పనిచేసే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ అయితే ఈ నట్టు ఉండదు. చాలా కార్లలో క్యాలిపర్ మీదే మోటారు ఉంటుంది. బ్యాటరీ బలహీనంగా ఉన్నా, చక్రం దగ్గర తీగ తెగినా, ప్యాడ్లు అరిగినా హెచ్చరిక దీపం వెలుగుతుంది. ముందుగా బ్యాటరీని పరీక్షింపజేయండి. ప్యాడ్లు మార్చాలంటే మోటారును సర్వీసు స్థితికి తేవాలి. అలా చేయకుండా పిస్టన్‌ను తోస్తే మోటారు లేదా దాని మర పాడవుతుంది. ఆ స్థితికి తెచ్చే స్కానర్ పరికరం లేనివారు ఈ పనిని తెలిసిన చోట చేయించడమే మంచిది.

చివరి పరీక్ష

కారు దించి, చక్రాల నట్లు సరైన బిగుతుకు తెచ్చాక, మొదట చేసిన వాలు పరీక్షనే మళ్లీ చేయండి, ఈసారి ముఖాన్ని ఎగువకు ఒకసారి, దిగువకు ఒకసారి పెట్టి. డ్రమ్ము షూలు రెండు దిశల్లో ఒకేలా పట్టవు గనుక ఒక దిశలో ఆగడం చాలదు. తరువాత నాలుగైదు కిలోమీటర్లు నడిపి, వెనుక చక్రాల నడిమి భాగానికి అరచేతిని దగ్గరగా తెచ్చి వేడిని పోల్చండి, తాకవద్దు. ఒకటి రెండోదానికంటే స్పష్టంగా వేడెక్కి ఉంటే ఆ వైపు బ్రేకు వదలడం లేదు, మళ్లీ లేపి ఎడం సవరించాలి. కొత్త షూలు వేసి ఉంటే అవి డ్రమ్ము ఆకారానికి కుదురుకునే కొద్దీ టిక్కులు ఒకటి రెండు పెరుగుతాయి. రెండు వారాల తరువాత మళ్లీ లెక్కపెట్టి, నట్టు సర్దాక వచ్చిన సంఖ్యతో పోల్చండి. పెరిగి ఉంటే, నట్టు జోలికి పోకుండా అడ్జస్టర్ దగ్గరే సరిచేయండి.